నేను రాసిన మన్నిప్పు కాయితం

పోయిన వారం మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో వాలి ఉండగా మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. గంధపు మాల వేసిన లెక్కల సారు ఫోటో. ఆయన పోయి చాన్నాళ్ళయింది. మా పళ్ళికూడంలో ఇప్పుడు కొత్తగా హాలు కట్టినారట, అందులో ఆయన పటం పెట్టాలని మా తోటివాళ్ళు అనుకున్నారట, ఆ రోజుకు అందరమూ వచ్చి పూలు వేయాలట. ఫోటో కింద ఒకాయన, చిన్నప్పుడు నా వెనక బెంచీలో కూర్చుని ఇప్పుడు మనవళ్ళను స్కూటరుమీద తిప్పుతున్నవాడు, "ఆయన పెరంబు దెబ్బలే మనల్ని మనుషుల్ని చేసినవి" అని రాసినాడు. దాని కింద వరసగా జోడించిన చేతుల బొమ్మలు. పెరంబు అంటే మా ఊరి మాటలో బెత్తం. నేను ఆ వరసలో చేతులు జోడించలేదు. ఫోను బోర్లించి పెట్టి, ఈ నోటుబుక్కు తీసినాను.

మా రాజపాళయంలో ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తెలుగు మాట్లాడేవాళ్ళు ఊరినిండా ఉన్నా తెలుగు రాసేవాళ్ళు అరుదు. మా అవ్వ, చూపు మందగించక ముందు, వంటింటి గడప దగ్గర పలకపెట్టి నాకు నేర్పిన అక్షరాలే ఇవి. అందుకే నా భాషలో తప్పులుంటే మన్నించండి అని రాయబోయి ఆగినాను. ఆ మాటతో నాకు పాత తగాదా ఉంది. అదే చెప్పబోతున్నాను. నా ఈడువాళ్ళు చదువుతారని, వాళ్ళలో చాలామంది ఆ దెబ్బలే మనల్ని బాగుచేసినవని నమ్ముతారని తెలిసే చెబుతున్నాను.

మా నాయన మిల్లులో బ్లోరూములో పనిచేసేవాడు. పత్తి బేళ్ళు విప్పి మిషనులో పోసే చోటది. షిఫ్టు ముగించుకొని ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మలమీద, చెవుల వెంట్రుకలమీద దూది తెల్లగా అంటుకొని, ముప్పై అయిదేళ్ళకే ముసలివాడిలాగా కనబడేవాడు. మా చెల్లెలు ఎదురుపోయి ఆ దూదిని ఒక్కొక్క పోగుగా ఏరి ఉండచుట్టేది. మిల్లు ఎవరిదో పళ్ళికూడమూ వాళ్ళదే. ఆ ఇంటి పెద్దాయనే పళ్ళికూడానికి కరస్పాండెంటు. మిల్లులో పనిచేసేవాళ్ళ పిల్లలకు అక్కడ చోటు దొరకడం పెద్ద మేలుగా అనుకునేవాళ్ళం, అది మేలే కూడాను, నేను కాదనను.

లెక్కల సారు పొట్టి మనిషి, తెల్లని చొక్కా, జేబులో రెండు పేనాలు, ఒకటి నీలం ఒకటి ఎరుపు. ప్రతి ఏడూ జూన్‌లో పళ్ళికూడం తెరిచిన రోజు ఆఫీసు గదినుంచి క్లాసుక్లాసుకూ ఒక డబ్బా వచ్చేది. అందులో సుద్దముక్కలు, బోర్డు తుడిచే గుడ్డ, కొత్త పెరంబు. మూడూ ఒకే డబ్బాలో వచ్చేవి గనుక మాకు అవి మూడూ చదువు సామానే. ఎవరూ వింతగా చూడలేదు. దెబ్బలు తిని ఇంటికి పోతే చేతులు వెనక పెట్టుకునేవాళ్ళం, ఏం తప్పు చేసినావని ఇంట్లో ఇంకో రెండు పడతాయని. మీకూ ఇది తెలిసినదే గదా.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడు, చెల్లెలు నాలుగులో ఉండింది. తొమ్మిదో ఎక్కం ఒప్పజెప్పమన్నాడట సారు. తొమ్మిదారుల దగ్గర ఆగిపోయిందట. ఆ రోజు చేతిలో పెరంబు లేదు, చేత్తోనే కొట్టినాడు, ఎడమ చెవిమీద. అది పడిపోలేదు, ఏడవలేదు, మిగతా ఎక్కం కూడా ఒప్పజెప్పి కూర్చునిందట. మధ్యాహ్నం అన్నం డబ్బా తీసుకొని నా దగ్గరికి వచ్చి, "అక్కా, మిల్లు సంగు ఆగనే లేదు, ఎందుకు?" అని అడిగింది. సంగు అంటే షిఫ్టు మారేటప్పుడు మిల్లులో ఊదే కూత. ఆ వేళకు ఏ మిల్లులోనూ కూత లేదు. దాని మెడమీద సన్నగా రక్తం చార దిగి ఉండింది, అన్నం తింటూ మోచేత్తో తుడుచుకుంటూ ఉండింది.

మదురైలో డాక్టరు చెవిలోపలి పొర చినిగిందని, పుండుపట్టిందని, ఆ చెవికి ఇక వినికిడి రాదని చెప్పినాడు. మా నాయన ఒక మాట అనకుండా బస్సులో దాన్ని ఒళ్ళో కూర్చోపెట్టుకొని తెచ్చినాడు. మరునాడు నన్ను పిలిచి, కాయితం తీసుకోమన్నాడు. ఆయనకు సంతకంవరకే వచ్చు. ఆయన తెలుగులో చెబుతూ పోతే నేను తమిళంలో రాసినాను: నా బిడ్డకు ఇట్లా అయింది, సారును విచారించండి, ఇంకో బిడ్డకు ఇట్లా కాకుండా చూడండి. అంతే. అడిగింది అంతే. డబ్బు మాట లేదు, శిక్ష మాట లేదు. హెడ్మాస్టరు చేతికి ఆ కాయితం ఇచ్చి వచ్చినాడు. మా నాయన జీవితంలో ఒకరిమీద రాసిచ్చిన ఫిర్యాదు అదొక్కటే.

మూడో రోజు మిల్లు సూపర్వైజరు వచ్చి, పెద్దాయన రమ్మంటున్నాడు, రాసే పిల్లను కూడా తీసుకురమ్మన్నాడు అని చెప్పిపోయినాడు.

కరస్పాండెంటు గది నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. గాజుపలక పరిచిన మేజా, దాని కింద ఎవరెవరివో ఫోటోలు. పెద్దాయన కూర్చుని ఉండినాడు. ఆయన పక్క కుర్చీలో లెక్కల సారు కూర్చుని ఉండినాడు. మా నాయన భుజంమీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకొని నిలబడినాడు. పెద్దాయన కేకలు వేయలేదు. మాతో మా తెలుగులోనే, మెత్తగా మాట్లాడినాడు, అదే నాకు ఎక్కువగా గుర్తు.

"ఏమప్పా, మన మిల్లులో అన్నం తింటా, మన పళ్ళికూడం మీదనే కాయితం ఇస్తివా?"

"బిడ్డకు చెవి పోయింది సామీ" అన్నాడు మా నాయన.

"బిడ్డకు ముందునుంచే చెవిపోటు ఉండిందని హెడ్మాస్టరు చెప్పినాడు. తెలియక ఇచ్చినావు. సరి, పోనీ. తెలియక ఇచ్చినానని ఇంకో కాయితం ఇచ్చేసి పో. రేపు షిఫ్టుకు రావాల గదా నువ్వు?"

 నన్ను మేజా దగ్గరికి పిలిచి, పేనా చేతికిచ్చి, పెద్దాయన తమిళంలో ఒక్కొక్క వాక్యమే చెప్పినాడు, నేను రాసినాను. నా కూతురికి చెవిరోగం ముందే ఉండింది. ఎవరి మాటో విని సారుమీద అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినాను. దానికి మన్నిప్పు అడుగుతున్నాను. తమిళంలో 'న'లు మూడున్నాయి, ఇంట్లో తెలుగు మాట్లాడే మాబోటివాళ్ళకు అవి ఎప్పుడూ తడబాటే. మన్నిప్పు, అంటే క్షమాపణ, అనే మాటలో ఒత్తుగా పలికే 'ణ' రాసేసినాను. లెక్కల సారు కుర్చీలోనుంచి వంగి చూసి, జేబులోని ఎర్ర పేనా తీసి, ఆ అక్షరం చుట్టూ సున్న చుట్టి, పైన సరైన అక్షరం వేసి, "ఎనిమిదో క్లాసు, మన్నిప్పు రాయను తెలీదు" అని నవ్వినాడు. మళ్ళీ తిన్నగా రాయించనా అని పెద్దాయనను అడిగినాడు. ఆయన, చాలులే, అన్నాడు. మా నాయన సంతకం పెట్టినాడు.

తిరిగి వచ్చేటప్పుడు మా నాయన ముందు నడిచినాడు, నేను వెనక. ఇంటిదాకా తువ్వాలు చంకలోనే ఉండింది. ఆ తరువాత ఆయన పళ్ళికూడం వీధిలో పోవడమే మానుకున్నాడు, మిల్లుకు చుట్టుతిరిగి పోయేవాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం అదే పళ్ళికూడంలో అదే సారు దగ్గర ఇంకో రెండేళ్ళు చదివి, ఆయన పెట్టిన ప్రతి పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్నాను. పేపరు చేతికిచ్చేటప్పుడు ఆయన వెన్నుతట్టేవాడు. ఆ చేయి వీపుమీద పడినప్పుడల్లా నేను మనసులో ఒకే మాట అనుకునేదాన్ని: నిన్ను వదలను.

పదమూడేళ్ళ పిల్లకు పగ ఏమిటని మీరు నవ్వవచ్చు. పెద్దవాళ్ళకు వచ్చే పగకు మరుపు ఉంటుంది, సంసారం ఉంటుంది, పదిమంది నచ్చజెప్పేవాళ్ళు ఉంటారు. పిల్ల పగకు అవేవీ లేవు. అది నాతోబాటే పెరిగింది. పదో తరగతి అయినాక టీచరు ట్రైనింగుకు పొమ్మని అందరూ చెబితే, నేను టైపు ఇన్స్టిట్యూటులో చేరినాను. తమిళం, ఇంగ్లీషు రెండూ హయ్యరు ముగించి, శ్రీవిల్లిపుత్తూరు కోర్టు ఎదుట ఒక వకీలు దగ్గర పనికి కుదిరినాను. పెళ్ళయినా, ఇద్దరు బిడ్డలు పుట్టినా రోజూ బస్సెక్కి పోవడం మానలేదు. టైపిస్టు పని మంచిదని కుదిరినానని మా ఇంటాయన అనుకున్నాడు. నేనూ అదే చెప్పినాను.

మా వకీలయ్య నస్యం పీల్చే మనిషి, మాటకు ముందు ఒక తుమ్ము. చేరిన పదేళ్ళకు ధైర్యం చేసుకొని మా చెల్లెలి సంగతి ఆయనకు చెప్పి, ఇప్పుడైనా కేసు వేయవచ్చునా అని అడిగినాను. ఆయన చాలాసేపు విని, బిడ్డ మేజరయిన మూడేళ్ళలోపల వేసి ఉండాలి, కాలం దాటిపోయిందమ్మా, అన్నాడు. ఆ రోజు బస్సులో ఏడుస్తూ వచ్చినాను. కాని ఆయన ఇంకొకటి కూడా చెప్పినాడు, అది నేను దాచుకున్నాను. వాధ్యారు కొడితే, అది వాడు చేసిన పని, మాకేం సంబంధం అంటారు యాజమాన్యంవాళ్ళు. కాని వాడిని పనిలో పెట్టింది ఎవరు, క్లాసు అప్పజెప్పింది ఎవరు? వాళ్ళ పని చేస్తూ చేసిన హానికి వాళ్ళూ జవాబుదారులే. అట్లాంటివాడని ముందే తెలిసి కూడా ఊరకుండినారని చూపితే మటుకు ఇక తప్పించుకోలేరు. ఇదంతా ఆయన ఫైలుకు దారం కడుతూ మామూలుగా చెప్పినాడు. నా చెవికి 'ముందే తెలిసి' అన్న మాట ఒక్కటి అంటుకొని ఉండిపోయింది.

చాలా ఏళ్ళకు ఒక ఉదయం చోళపురంనుంచి ఒక తల్లి, కూతురిని వెంటపెట్టుకొని మా ఆఫీసు మెట్లెక్కింది. మాలాగే తెలుగు మాట్లాడే సేద్యం ఇంటివాళ్ళు. భర్త లేడు, సొంత పొలం చెక్కలో పత్తి వేసుకొని బతికే మనిషి. పిల్లకు పదకొండేళ్ళు, కుడిచేతికి కట్టు. లెక్క తప్పు చేసిందని చెక్క స్కేలు అంచుతో వేళ్ళమీద కొట్టినారు. రెండు వేళ్ళ ఎముకలు విరిగి, వంకరగా అతుక్కొని, ఇక మడవను రావు. ఏ పళ్ళికూడం అని అడిగినాను. చెప్పింది. ఏ సారు అని అడిగినాను. చెప్పింది.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ పేరు వినగానే నాకు కలిగింది జాలి కాదు, సంతోషం. ఎదుట చిన్నపిల్ల కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకొని కూర్చుని ఉంది, నేను లోపల, చిక్కినావు, అనుకున్నాను. పిల్లకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చే నెపంతో పక్కగదిలోకి పోయి గోడ పట్టుకొని నిలబడినాను. జాలి తరువాత వచ్చింది. రావడం వచ్చింది, కాని రెండోదిగా వచ్చింది.

పళ్ళికూడానికి నోటీసు టైపు చేసేది నేనే గనుక వకీలయ్యను ఒకటి అడిగినాను: ఇదే వాధ్యారు ఇంతకుముందు ఒక పిల్ల చెవి పోగొట్టినాడు, ఆ పిల్ల తండ్రి మీకు ఫిర్యాదు ఇచ్చినాడు అని ఒక్క వాక్యం చేర్చండి.

"ఆధారం ఏదమ్మా?" అన్నాడు.

"వాళ్ళ దగ్గరే ఉంది అయ్యా. వాళ్ళే పంపుతారు."

ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను చూసినాడు, తుమ్మినాడు, చేర్చు అన్నాడు. నాకు ఆ పెద్దాయన తెలుసు. తన ఎదుట ఒకడు తలవంచినట్టు చూపే కాయితాన్ని ఆయన చింపడు. మా నాయన ఇచ్చిన ఫిర్యాదును చింపి ఉంటాడు, మన్నిప్పును మాత్రం భద్రంగా ఉంచి ఉంటాడు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. ఆ కవరు నేనే చించినాను. మా వాధ్యారు ఉత్తముడు, ఇన్నేళ్ళలో ఆయనమీద వచ్చింది ఒకే ఒక్క ఫిర్యాదు, అదీ అబద్ధమని ఆ తండ్రే ఒప్పుకొని మన్నిప్పు అడిగినాడు, అతని చేతి కాయితం నకలు ఇందుతో పంపుతున్నాము. జిరాక్సులో నా పదమూడేళ్ళ చేతిరాత. కింద మా నాయన సంతకం, చివరి అక్షరం కొంచెం కిందికి జారి. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళు. బ్లోరూము దుమ్ము ఊపిరితిత్తులు తినేసింది. నేను ఆ కాయితంమీద చేయి పెట్టి, రా, అనుకున్నాను. ఇన్నాళ్ళకు బయటికి వచ్చినావు.

కేసు వేసినాము. వేసిన కొద్దిరోజులకే పళ్ళికూడం తరపున ఇద్దరు పెద్దమనుషులు చోళపురం పోయి, వైద్యం మేము చేయిస్తాము, పిల్లను ప్లస్ టూ దాకా ఫీజు లేకుండా చదివిస్తాము, కేసు వాపసు తీసుకోమని ఆ తల్లికి చెప్పినారు. ఆమె మెత్తబడిందని తెలిసి, ఆదివారం బస్సెక్కి నేనే పోయినాను. ఆమె పత్తి ఏరుతూ ఉండింది. చేనిగట్టుమీద కూర్చుని సాయంత్రందాకా చెప్పినాను, ఒప్పుకోవద్దని, ఈ రోజు నువ్వు ఒప్పుకుంటే రేపు ఇంకో పిల్ల వేళ్ళు పోతాయని. ఆమె ఒడిలో పత్తి అట్లాగే పెట్టుకొని విని, "నీకు ఇంత కాక ఎందుకక్కా?" అని అడిగింది. నేను మా చెల్లెలి సంగతి చెప్పినాను. ఆమె నావైపు చూసి, సరి, వాపసు తీసుకోను, అనింది. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కాని ఆ పిల్ల మేలు కోరే పోయినానా అంటే, ఆ మాట మాత్రం నేను ప్రమాణం చేసి చెప్పలేను.

కోర్టులో నాకు దొరికిన మొదటి పండుగ, నేను ఎదురుచూడనిది. పళ్ళికూడం వకీలు లేచి, కొట్టడం మేము ఇచ్చిన పని కాదు, అది వాధ్యారు సొంత చేత, ఏదయినా ఉంటే ఆయనే భరించాలి, అన్నాడు. ఆనాడు మేజా వెనక పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకడు ఇంకొకడిని వదిలేసినాడు. లెక్కల సారు ముఖం చూసినాను నేను. తరువాతి వాయిదాకు ఆయన వేరే వకీలును పెట్టుకొని, బోనులో నిలబడి, పెరంబు ఆఫీసునుంచే ఇచ్చేవాళ్ళని, కొట్టయినా సరే రిజల్టు తెప్పించమని పెద్దాయనే మీటింగులో చెప్పేవాడని అన్నీ కక్కేసినాడు. సుద్దముక్కల డబ్బా సంగతి కూడా చెప్పినాడు. నేను వెనక బెంచీలో కూర్చుని ప్రతి మాటా చెవులారా విన్నాను.

ఆ మన్నిప్పు కాయితం అసలు ప్రతిని వాళ్ళే కోర్టులో దాఖలు చేసినారు. దాన్ని రాసింది నేనేనని చెప్పడానికి మా తరపున నేనే సాక్షిగా నిలబడాలి. మా వకీలయ్య, ఆఫీసు మనిషిని బోనెక్కిస్తే బాగుండదేమో అని జంకినాడు, నేను పట్టుపట్టినాను. జరిగింది జరిగినట్టు చెప్పినాను. పళ్ళికూడం వకీలు యువకుడు, చురుకైనవాడు. నేను వాది వకీలు దగ్గర టైపిస్టునని ఒప్పించి, ఆ తరువాత గొంతు పెంచి అడిగినాడు.

"మీకు ఈ పళ్ళికూడంమీద చాలా ఏళ్ళుగా పగ ఉంది, నిజమా కాదా?"

"నిజమే" అన్నాను.

"ఆ పగతోనే ఈ కోర్టుకు వచ్చినారు?"

"అవును సార్, పగతోనే వచ్చినాను. అయితే ఆ కాయితం నేను తేలేదు. మీరే తెచ్చినారు."

జడ్జిగారు తల ఎత్తినాడు. కాయితం తెప్పించుకొని, వెలుతురుకు తిప్పి చూసినాడు. మధ్యలో ఆ ఎర్ర సిరా సున్న. ఇన్నేళ్ళయినా ఎరుపు పోలేదు. తండ్రి తనంతట తాను ఇంటినుంచి రాసి తెచ్చిన కాయితమయితే ఇందులో దిద్దింది ఎవరు అని ఆయన అడిగినాడు.  దిద్దిన అక్షరం ఎవరిదని లెక్కల సారుకు చూపించి అడిగితే, ఆయన చూసి, తలవంచుకొని, నాదే, అన్నాడు. మన్నిప్పు రాయను తెలియని పిల్ల బోనులోనే నిలబడి ఉండింది. నేను నవ్వలేదు. నవ్వాలని చాలా ఉండింది.

తీర్పు మాకే వచ్చింది. క్లాసు వేళలో, క్లాసు పనిలో, తాము పెట్టిన వాధ్యారు చేసిన హానికి పళ్ళికూడం బాధ్యత తప్పదని, ఒక పిల్లకు చెవి పోయిన తరువాత కూడా ఆయనను విచారించకుండా, ఫిర్యాదు చేసినవాడి చేతనే మన్నిప్పు రాయించుకొని అదే పనిలో ఉంచడం ఇంకా పెద్ద తప్పని జడ్జిగారు రాసినాడు. తీర్పు నకలు చేతికి వచ్చినాక నేను కార్బన్లు పెట్టి ప్రతులు టైపు చేసి, రాజపాళయంలో ఉన్న ప్రతి పళ్ళికూడానికీ ఒకటి పోస్టులో పంపినాను. ఎవరూ పంపమనలేదు. పెద్దాయన ఇంటి చిరునామాకు కూడా ఒకటి పంపినాను. ఆ కవరుమీద పేరు మాత్రం టైపు చేయలేదు, తమిళంలో చేత్తో రాసినాను, నా రాత ఆయన గుర్తుపట్టాలని.

వాళ్ళు అప్పీలుకు పోయినారు, అక్కడా ఓడినారు, కాని అందుకు ఏళ్ళు పట్టింది. కోర్టు ఇప్పించిన నష్టపరిహారం చేతికి వచ్చేసరికి చోళపురం పిల్లకు పెళ్ళి కుదిరింది. పళ్ళికూడం మారి, వాయిదాలకు తిరిగి, చదువు తొమ్మిదితో ఆగిపోయింది. పెళ్ళిపత్రిక ఇవ్వడానికి వచ్చి, ఎడమచేత్తో నా పేరు రాసి ఇస్తూ, "అక్కా, ఆనాడు మీరు మా చేనికి రాకుంటే మా అమ్మ ఒప్పుకొనుండును గదా?" అని అడిగింది. నిష్ఠూరంగా అడగలేదు, తెలుసుకుందామని అడిగింది. ఒప్పుకొనుండును, అన్నాను. అది తల ఊపి, పెళ్ళికి తప్పక రమ్మని చెప్పి పోయింది. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

తీర్పు వచ్చిన రోజు నేను మొదట పోయింది మా చెల్లెలి దగ్గరికి. దాన్ని తళవాయిపురంలో ఇచ్చినాము, అక్కడ ఇంట్లోనే మిషన్లు పెట్టి బట్టలు కుట్టిస్తారు. మిషన్ల చప్పుడులో దానికి నా మాట వినబడదని, కుడివైపు తిప్పి కూర్చోపెట్టి, మొదటినుంచి చివరిదాకా చెప్పినాను. ఎర్ర సిరా సంగతి, ఆయన తలవంచిన సంగతి, అంతా. అది ఎగిరి గంతులు వేస్తుందని అనుకున్నాను. అది దారం కొరుకుతూ విని, "నాయన దగ్గర మన్నిప్పు అడిగినారా?" అనింది. నాయన లేడు గదే, అన్నాను. నీ దగ్గరయినా, నా దగ్గరయినా అడిగినారా, అనింది. లేదు, కోర్టులో అది రాదు, అన్నాను. సరి, కాఫీ తాగుతావా, అని లేచిపోయింది.

పగ తీర్చుకున్నందుకు నాకు విచారం లేదు. పెద్దాయన కోర్టు మెట్లు దిగుతూ పట్టుతప్పి వకీలు భుజం పట్టుకున్న క్షణం నాకు ఇప్పుడు తలచుకున్నా కడుపు నిండుతుంది. దేవుడు తప్పంటే తప్పే. కాని మా చెల్లెలు అడిగిన ఆ ఒక్కటి నేను దానికి తెచ్చి ఇవ్వలేకపోయినాను. లెక్కల సారు పనిపోయి, ఇంట్లో ట్యూషను చెప్పుకొని, పోయినాడు. ఆయన పటం హాలులో పెట్టుకుంటారో మానుకుంటారో, అది వాళ్ళ ఇష్టం. ఆయన వల్ల మనుషులయినామని రాసేవాళ్ళలో ఒక్కరయినా, మనుషులు కాకముందు మనం ఏమిటని అడిగి చూసుకోలేదు.

ఇప్పటి పళ్ళికూడాల్లో గోడమీద పిల్లల ఫిర్యాదుకు ఫోను నంబరు రాసి ఉంటుంది. మా వీధిలో ఒక చిన్న టీచరమ్మ ఉంది, గొంతు పెంచడానికి కూడా భయంగా ఉంది ఆంటీ అని వాపోతుంది. ఆ పిల్లను చూస్తే జాలే. అయినా ఆ భయం అటువైపుకు పోయిందని తెలిసి నాకు లోపల ఒక చల్లదనం.

నిన్న ఆదివారం చెల్లెలి ఇంట్లో అందరమూ అన్నానికి కూర్చున్నాము. దాని మనవరాలు, తొమ్మిదేళ్ళది, అప్పళం కొరుకుతూ, మొన్న మిస్ నా చెవి మెలిపెట్టింది అని మామూలుగా చెప్పింది. దాని అమ్మ విస్తరి దగ్గరనుంచి ఎడమచేత్తోనే ఫోను తీసి హెడ్మిస్ట్రెసుకు చేసింది. ఆమె ఎవరికో చేసింది. అప్పళం అయిపోకముందే ఆ మిస్సే ఫోను చేసి, పాపకు ఇవ్వండి అనింది. స్పీకరులో అందరికీ వినబడింది. "సారీమ్మా, మిస్ అట్ల చేసి ఉండకూడదు. మన్నిచ్చుడు, సరియా?"

"ఓకే మిస్" అనింది పిల్ల.

నేనూ మా చెల్లెలూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. చెల్లెలికి వినబడిందో లేదో అని నేను చెప్పబోయినాను. అక్కరలేదు, విన్నాను, అన్నట్టు చేయి ఎత్తింది. ఆ పిల్లమీద నాకు కలిగింది సంతోషమో అసూయో నేను తేల్చుకోలేకపోయినాను. మా నాయన చచ్చేదాకా చెవిన పడని మాట, మేమిద్దరం ముసలివాళ్ళమయ్యేదాకా కాచుకున్న మాట, ఆ పిల్ల రెండు ముద్దల నడుమ విని, అప్పుడే మరిచిపోయి, మజ్జిగ అడిగింది.